తరుగు

లక్షెట్టిపేట దాటినంక ఎడమకు మళ్లితే
సర్కారు తుమ్మల నడుమ సారా కార్ఖాన.
తాళం తీసినాయన దుర్గం మొండయ్య.
జీతం ఆగిపోయి ఇరవయ్యారేండ్లు,
తాళంచెవి ఇంకా మొలతాడుకే ఉంది.

నేను వేలంపాట పని మీద పోయిన.
చేతిల పట్టిక:
రాగి బట్టి ఒకటి, టేకు పీపాలు నూటపదకొండు,
గంట, తక్కెడ, కాళ్లిరిగిన కుర్చీలు.
"ముందుగాల చూడు బిడ్డా, రాసుడు తర్వాత."

గోడలన్నీ నల్లగున్నయి.
మసి అనుకొని గోటితో గీకిన.
"మసి గాదది, బూజు.
సారా ఆవిరి తాగి బతుకుతది.
ఈడ మనుషులకంటె ముందు
గోడలకు అలవాటైంది."

లోపల మసక చీకటి, గబ్బిలాల కంపు,
ఆ నడుమ రాగి బట్టి
సూడి బర్రె లెక్క పండుకొని ఉంది.
మెడ మాత్రం కొంగది.
పొడుగ్గ లేచి, వంగి,
పక్కగదిలో ఎండిన తొట్టిలకు
ఇంకా నీళ్లున్నట్టే తొంగి చూస్తంది.
డొక్క మీద ఇత్తడి రేకు. అక్షరాలు అరిగినయి.
మిగిలింది ఒక్క మాట: ఐర్లండ్.

"అది యాడుంటదో నాకెరుక లేదు.
ఎప్పుడు జూసినా వానేనంట, బార్లీ నానబెడ్తరంట,
ఇంజినీరు సారు చెప్తుండె.
మేము దాని నోట్లె ఇప్పపువ్వు పోసినం.
రాగికి ఏ భాషైతేంది?
కింద మంట పెడ్తె పైన చెమట పడ్తది."

మొండయ్య పని ముత్యాలు చూసుడు.
సీసా అందుకొని ఒక్క ఊపు ఊపితే
పెద్ద ముత్యాలు లేచి టక్కున పగిల్తె గట్టిది,
చిన్నయి అంచు పట్టుకొని ఏలాడితె పలుచనిది.
"గాజుపుల్ల ముంచి చూసేటోళ్లు,
నేను చెప్పినంక."
ఉత్త చేతిని వెలుతురుకు పట్టి ఊపిండు.
లేని సీసాలకు ఇద్దరం చూసినం.

పురుగు తిన్న రిజిస్టరు తెరిచిండు.
జమ, ఖర్చు, చివరి గడిల తరుగు.
"వందకు రెండు తరుగు రాసుకోవచ్చు,
మొగులు తాగిన లెక్క. సర్కారు మాఫీ.
మా అవ్వ పొద్దు పొడవకముందు అడవికి పోయి
గంపకింత అని ఈ బట్టికే పువ్వు ఏరేది.
ఒక్క కుండెడు ఇంట్ల కాసుకున్నదని
పదకొండు రూపాయల జుర్మానా."
నవ్వబోయిండు. దగ్గొచ్చింది.
దగ్గు తగ్గినంక నవ్వు సంగతి మర్చిపోయిండు.

బయటకొస్తుంటే గేటు మీద సొట్ట చూపిచ్చిండు,
గుడిల గంట చూపిచ్చినట్టు.
"ఆడోళ్లొచ్చిన దినం పడ్డదిది.
కారప్పొడి, చీపుర్లు, ఒకామె చేతిల రోకలి.
నేను లోపలుంటి. గడియ తీసింది గూడ నేనే."
ఎందుకు తీసినవన్న.
"మా ఇంటామె ముందు వరుసల ఉండె మరి.
రాత్రికి బువ్వ తినాల్నా వద్దా?"

ఆ రోకలి మా అమ్మది.
ఇప్పటికీ మా హన్మకొండ ఇంట్ల తలుపెనక ఉంది,
పసుపు కొట్టినప్పుడు తీస్తది.
చెప్దామనుకున్న. చెప్పలే.
పట్టికల రాసిన: ఇనుప గేటు ఒకటి, సొట్ట ఉన్నది.

పోయేముందు ఒక పీపా బిరడా గుంజిండు.
లోపల ఏం లేదు, గాలి తప్ప.
ఆ గాలే వచ్చి మీద పడ్డది,
తియ్యగ, పుల్లగ, పాత దుప్పటి లెక్క.
వద్దంటే గూడ బస్సెక్కి నాతోని వచ్చింది.

ఇంట్ల అమ్మ నా చున్నీ బకిట్ల వెయ్యబోయి ఆగింది.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
నేను మాట కోసం చూస్తున్న,
ముప్పై ఏండ్ల కోపం ఏడికెల్లి లేస్తదో అని.

"ఇప్పపువ్వు" అన్నది.
మళ్లోసారి వాసన చూసి,
నానబెట్టకుండ, దండెం మీద ఆరేసింది.